తెర మీది డిజైనా, బట్ట మీది శాంపిలా?

లైసెన్సు ఉన్న ట్రేడ్‌మార్కుతో టీషర్టులు వేసేటప్పుడు గుర్తు యజమాని ఆమోదం దేని మీద తీసుకోవాలి? మెయిల్లో పంపే డిజైను మీదా, బట్ట మీద వేసి పంపే శాంపిల్ మీదా? బరంపురంలో నేను చేసే పని ఇదే కాబట్టి పర్లాకిమిడి, రాయగడ వైపు స్క్రీన్ ప్రింటింగ్ చేసే తమ్ముళ్ళు ఈ మాట పదే పదే అడుగుతున్నారు.

డిజైను ఫైలు ఒక్క రోజులో వెళ్ళి వస్తుంది, ఖర్చు లేదు. గుర్తు సరైనదేనా, చుట్టూ వదలాల్సిన ఖాళీ వదిలామా అన్నవి అందులోనే తేలాలి. నమోదైన ట్రేడ్‌మార్కు అని చెప్పే, వృత్తంలోని ఆర్ (®) గుర్తు సంగతీ అక్కడే చూసుకోవాలి. నమోదు సరుకును, సేవను బట్టి తరగతుల వారీగా ఉంటుంది. క్రీడా పోటీలకు 41వ తరగతిలో నమోదైన పేరు దుస్తులకు, అంటే 25వ తరగతిలో, నమోదై ఉండాలని లేదు. పేరు నమోదు కాని సరుకు మీద ఆ ఆర్ గుర్తు వేస్తే 1999 నాటి ట్రేడ్‌మార్కుల చట్టం 107వ సెక్షన్ ప్రకారం తప్పు. మనం ఒడియా అక్షరాలు కూడా వేస్తాం. పాత ఫాంటులో కొట్టిన ఒడియా అవతలి కంప్యూటర్‌లో పిచ్చిగీతలుగా కనిపిస్తుంది. అందుకే అక్షరాలను ఔట్‌లైన్లుగా, అంటే ఫాంటు అక్కర్లేని బొమ్మలుగా, మార్చి పంపండి. ఆమోదించేవారికి ఒడియా రాకపోతే అక్షరదోషం పట్టుకోవలసింది మనమే.

అయినా నా ఓటు శాంపిల్‌కే. ఒకసారి ఎర్రటి పాలిస్టర్ చొక్కాల మీద తెల్లని గుర్తు వేశాను. డిజైను అంతకుముందే ఆమోదం పొందింది. హీటర్ నుంచి దిగినప్పుడు గుర్తు మల్లెపువ్వులా ఉంది. మూడో రోజు కట్టలు విప్పితే లేత గులాబీ రంగు! వేడికి బట్టలోని ఎరుపు ఇంకులోకి పాకింది. సరుకంతా తిరిగొచ్చింది. ఫైలులో తెలుపు ఎప్పటికీ తెలుపే, దాన్ని ఎన్నిసార్లు చూసినా ఈ లోపం దొరకదు. ఇప్పుడు పాలిస్టర్‌కు తక్కువ వేడిలో ఆరే ఇంకు వాడుతున్నాను, దాని కింద బట్ట రంగును అడ్డుకునే బూడిదరంగు ఇంకు పూత వేస్తున్నాను. శాంపిల్‌ను మూడు రోజులు పక్కన పెట్టి చూశాకే కొరియర్‌కు ఇస్తాను.

రంగును గుర్తించడానికి వాడే పాంటోన్ నంబరుదీ ఇదే కథ. ఒకే నంబరు నున్నటి కాగితం మీద ఒకలా, నూలు బట్ట మీద మరోలా కనిపిస్తుంది. అందుకే బట్టకు వేరే నంబర్ల పుస్తకం ఉంది. శాంపిల్‌కు ఒక స్క్రీన్, ఒక పూట పని, నాలుగైదు రోజుల కొరియర్ అవుతాయి. పెద్ద ఆర్డరుకు అది లెక్కలోకి రాదు.

శాంపిల్‌ను ఫోనులో ఫొటో తీసి పంపడం మూడో దారి. గదిలోని లైటును బట్టి రంగు మారిపోతుంది, దాన్ని ఆమోదంగా లెక్కపెట్టకండి.

శాంపిల్ రెండు ముక్కలు వేసి పంపండి. రెండింటి మీదా యజమాని సంతకం, తేదీ ఉండాలి. ఒకటి వాళ్ళ దగ్గర ఉంటుంది. నా దగ్గరికి తిరిగి వచ్చింది ఆర్డరు ముగిసేదాకా ప్రింటింగ్ బల్ల పక్కన మేకుకు వేలాడుతుంది. ప్రతి వంద చొక్కాలకు ఒకటి తీసి, వాకిట్లో ఎండ వెలుగులో ఆ శాంపిల్ పక్కన పెట్టి చూస్తాను.