సూదుల సెట్టు మొత్తం కొనాలా, మూడు జతలూ కేబుళ్లూ చాలా?

ఊలు అల్లికకు నిట్‌ప్రో కంపెనీ వాళ్ల మార్చుకునే సర్క్యులర్ సూదుల సెట్టు (కేబుల్ అనే వంగే తీగకు రెండు చివరలా మొనలు బిగించి అల్లేది) కొనబోయేవాళ్లు ముందుగా అడిగేది చెక్కవి మంచివా, లోహంవి మంచివా అని. అది తర్వాత తేల్చుకోవచ్చు. ఈ సెట్టులో డబ్బుకు తగ్గ ఫలితం ఇచ్చేది మొనలు కాదు, కేబుళ్లు. పిల్లల టోపీ, మెడకు వేసుకునే కౌల్, రెండేళ్ల పాపకు గుండ్రంగా అల్లే స్వెటర్, ఈ మూడూ ఒక వారంలో సూదుల మీదికి ఎక్కిస్తే, సెట్టులో ఏది చేతిలో ఉంటుందో ఏది డబ్బాలోనే పడుంటుందో తెలిసిపోతుంది.

పెద్ద సెట్టులో మామూలుగా 3.5 నుంచి 8 మి.మీ. దాకా మొనల జతలు, కొన్ని కేబుళ్లు, కేబుల్ చివర బిగించే మూతలు, ఒక చిన్న కీ వస్తాయి. మొదటి తికమక కేబుల్ పొడవు దగ్గర. ప్యాకెట్ మీద 60 సెం.మీ. అని ఉన్నా లోపల తీగ 35 సెం.మీ. మాత్రమే. రెండు వైపులా మొనలు బిగించాక అది 60 అవుతుంది. 80కి తీగ 56, 100కి 76. పొట్టి తీగ పంపించారని వెనక్కి ఇచ్చేసే ముందు మొనలు బిగించి కొలవండి.

టోపీకి ఈ సెట్టు నేరుగా పనికిరాదు. పిల్లల టోపీ చుట్టు 45 సెం.మీ. అటూ ఇటూ ఉంటుంది, 60 సెం.మీ. సూది మీద ఆ లూపులు చుట్టూ అందవు, సాగదీసినా ఇబ్బందే. 40 సెం.మీ. కావాలంటే 20 సెం.మీ. తీగతో పాటు పొట్టి మొనలు కూడా విడిగా కొనాలి. మామూలు మొనలు ఆ తీగకు బిగిస్తే వంగడానికి చోటుండదు, వేళ్లు నొప్పెడతాయి. లేదంటే 100 సెం.మీ. కేబుల్ మీద మ్యాజిక్ లూప్ (మిగిలిన తీగను మధ్యలోంచి మడతలా బయటికి లాగి, లూపులను రెండు సగాలుగా అల్లే పద్ధతి) వేసుకోవాలి. అందులో మలుపు దగ్గర నిచ్చెన మెట్లలా సందులు పడతాయి. చాలామంది మలుపు తర్వాత మొదటి లూపును గట్టిగా లాగుతారు కానీ, లాగాల్సింది రెండో లూపు అల్లాక.

నంబర్ల గొడవ ఇంతకంటే ఖరీదైనది. మన ఊలు కొట్లలో ఇంకా పాత బ్రిటిష్ లెక్కే నడుస్తోంది. అందులో నంబరు పెరిగేకొద్దీ సూది సన్నబడుతుంది. 8వ నంబరంటే 4 మి.మీ., 10వ నంబరంటే 3.25. అమెరికా లెక్క దీనికి పూర్తిగా తలకిందులు, అక్కడ 8 అంటే 5 మి.మీ. అమెరికాలో ఉన్న పిల్లలు పంపిన ప్యాటర్న్‌లో 8 అని చూసి ఇక్కడి 8వ నంబరుతో మొదలుపెడితే ఏమవుతుందో లెక్క వేసుకోండి. 90 సెం.మీ. ఛాతీకి, 10 సెం.మీ.కి 18 లూపుల చొప్పున 162 లూపులు ఎక్కిస్తారు. సన్నసూదితో అదే 10 సెం.మీ.లో 22 పడితే స్వెటర్ చుట్టు 74 సెం.మీ. దగ్గర ఆగిపోతుంది. పెద్దవాళ్లకని మొదలుపెట్టింది పిల్లలకే సరిపోతుంది. మొనల మీద మి.మీ. చూసుకోండి, నంబరును నమ్మకండి.

స్క్రూ జాయింట్ వదులవడం ఏ కంపెనీ సెట్టుకైనా ఉండే బాధే. అల్లుతున్నప్పుడు మణికట్టు తిరుగుడుకి మొన కొద్దికొద్దిగా విప్పుకుంటుంది. ముందు లూపు ఆ సందులో ఇరుక్కుంటుంది, గమనించకపోతే మొన ఊడి వచ్చి సగం లూపులు జారిపోతాయి. మొనను చేత్తో ఆగేదాకా తిప్పాలి. తర్వాత కేబుల్ చివరి లోహపు ముక్కకున్న రంధ్రంలో కీ దూర్చి, మొనను రబ్బరు ముక్కతో పట్టుకుని ఇంకొంచెం బిగించాలి. కీ పోతే పేపర్ క్లిప్పు తిన్నగా చేసి వాడుకోవచ్చు. పటకారు మాత్రం వద్దు, మరలు అరిగిపోతాయి. పని మళ్లీ చేతిలోకి తీసుకున్నప్పుడల్లా రెండు జాయింట్లూ ఒకసారి తడిమి చూడటం అలవాటు చేసుకోవాలి.

ఆ రంధ్రానికి ఇంకో పనుంది. వేరే రంగు కుట్టు దారం అందులోంచి దూర్చి ఒక వరస అల్లితే దారం లూపులన్నిటి గుండా దానంతట అదే వెళ్తుంది. ఆ తర్వాత ఎక్కడ తప్పు దొర్లినా ఊలు లాగేసి ఆ దారం దగ్గరికి వచ్చి ఆగొచ్చు. లేసు పని చేసేవాళ్లకు ఈ ఒక్క సదుపాయం చాలు. లూపుల మధ్య గుర్తుకు వేసిన చిన్న రింగుల్లోంచి, అంటే మార్కర్లలోంచి మాత్రం దారం పోనివ్వకండి, అవి అక్కడే చిక్కుకుపోతాయి.

కేబుల్ డబ్బాలోంచి చుట్టలు తిరిగి వస్తే, అప్పుడే మరిగిన నీళ్లలో ఒక్క నిమిషం ముంచి తిన్నగా లాగి పట్టుకోండి. చెక్క మొనలు తడవకూడదు.

చెక్కా, లోహమా అన్నదానికి వస్తే, మన దగ్గర ఎక్కువగా అల్లేది అక్రిలిక్ ఊలు. చెమట చేతుల్లో అది చెక్క మీద పట్టేసినట్టు కదులుతుంది. నికెల్ పూత ఇత్తడి మొనల మీద హాయిగా జారుతుంది, కానీ నికెల్ పడని చర్మానికి దురద పెడుతుంది, అలాంటివాళ్లకు చెక్కే మేలు. జారిపోయే నూలు దారానికీ చెక్కదే పైచేయి. నూలుకు సాగే గుణం లేదు కాబట్టి రిబ్ (అంచుల్లో సాగేలా వేసే గీతల అల్లిక) వేలాడిపోతుంది, రిబ్ వరకు ఒక సైజు సన్నమొన వాడాలి.

రెండు వైపులా వేర్వేరు మొనలు బిగించే వీలును చాలామంది వాడుకోరు. లూపు సైజును నిర్ణయించేది కుడి చేతిలోని మొనే. ముందుకూ వెనక్కూ అల్లేటప్పుడు పర్ల్ (వెనక వైపు నుంచి అల్లే) వరసలు నిట్ (ముందు వైపు నుంచి అల్లే) వరసల కంటే వదులుగా వచ్చి చారలు పడేవాళ్లు, పర్ల్ వరసకు కుడిచేతిలోకి వచ్చే వైపు అర మి.మీ. సన్నమొన పెట్టుకుంటే చాలావరకు పోతాయి.

ఈ వారం పనికి తోడుగా చదవాల్సింది అల్లిక రచయిత్రి ఎలిజబెత్ జిమ్మర్‌మన్ ‘నిట్టింగ్ వితౌట్ టియర్స్’, 1971 నాటి పుస్తకం. ప్యాటర్న్ లేకుండా శాతాలతో స్వెటర్ లెక్క కట్టే ఆవిడ పద్ధతికి ఈ సెట్టు అచ్చంగా సరిపోతుంది. 10 సెం.మీ.కి 20 లూపులు వచ్చే ఊలుతో 60 సెం.మీ. చుట్టు కావాలంటే ఒంటికి 120 లూపులు. దాన్ని నూరుగా తీసుకుంటే చేతి అంచు 20 శాతం, అంటే 24. పైచెయ్యి మూడో వంతు, 40. చంక కింద వదిలేది 8 శాతం, దగ్గర దగ్గర 10. మెడ 40 శాతం, 48. ఒళ్లు 60 సెం.మీ. కేబుల్ మీద కూర్చుంటుంది. ముందే అల్లిన రెండు చేతులూ మూతలు బిగించిన వేరే కేబుళ్ల మీద ఎదురుచూస్తాయి. చంకల దగ్గర నాలుగు చోట్లా (ఒంటికి రెండు, చేతులకు చెరొకటి) పదేసి వదిలి మూడింటినీ ఒకే సూది మీదికి కలిపితే 160 లూపులు. తగ్గించుకుంటూ పోయి 120 దిగువకు వచ్చేసరికి మళ్లీ పొడవాటి కేబుల్, మ్యాజిక్ లూప్.

ఒక్కచోట మాత్రం శాతాన్ని కళ్లు మూసుకుని నమ్మకండి. 48 లూపుల మెడ అంటే 24 సెం.మీ. రెండేళ్ల పిల్లల తల చుట్టు సుమారు 48 సెం.మీ. వాళ్లకు ఒంటి లెక్కలో తల పెద్దది కదా! మెడ దగ్గర బిగుతుగా ముగిస్తే స్వెటర్ తలలోంచి దిగదు. మెడకు 60 లూపులైనా ఉంచి, లావుమొనతో వదులుగా ముగించండి. లేదా భుజం దగ్గర చీలిక వదిలి రెండు గుండీలు పెట్టండి.

కాబట్టి కొనాల్సింది ఇదీ: 3.5, 4, 5 మి.మీ. మొనల జతలు, 60 సెం.మీ. కేబుల్ ఒకటి, 100వి రెండు, మూతలు, టోపీలకు విడిగా 40 సెం.మీ. ఫిక్స్‌డ్ (మొనలు విడదీయలేని) సూది. 7, 8 మి.మీ. మొనలకు తగ్గ లావు ఊలు అల్లేవాళ్లు ఇక్కడ అరుదు, పెద్ద సెట్టులో ఆ జతలు ఊరికే పడుంటాయి. మొనలూ కేబుళ్లూ ఒకే కంపెనీవి తీసుకోండి, ఒకరి మరలు ఇంకొకరి దాంట్లో దిగుతాయన్న భరోసా లేదు.