ముట్టుకాడు నుంచి పులికాట్ దాకా: బోటు ఎక్కే ముందు జనరేటర్ చూడండి

చెన్నైలో ఉండేవాళ్లకు నీళ్ల మీద ఒక సాయంత్రం గడపాలంటే ముందు గుర్తొచ్చేది ఈస్ట్ కోస్ట్ రోడ్డే. నెల్లూరు నుంచి మా పిన్నివాళ్లు వచ్చినప్పుడు మేమూ అటే బయల్దేరాం. పిల్లలు, పెద్దవాళ్లు కలిసి పెద్ద గుంపే అయ్యాం. సాయంత్రం బోటు, రాత్రికి ఆ దగ్గర్లోనే బస, మర్నాడు ఉత్తరాన పులికాట్ అని ప్లాన్. చూసిన చోట్లు, బసలు, వాళ్ల సర్వీసు ఎలా ఉన్నాయో రాస్తున్నాను. నా కొలత ఏమిటో ముందే చెప్పేస్తాను. బోటైనా, గదైనా మొదట నేను చూసేది జనరేటర్ ఎక్కడ పెట్టారు, దాని పొగ ఎటు పోతోంది అని. ఏసీ, భోజనం, వ్యూ అన్నీ దాని తర్వాతే.

ఈ విషయంలో నాకు గురువు మా మేనమామ. కాశీమేడు చేపల హార్బర్‌లో బోటు ఇంజిన్లు బాగుచేస్తూ బతుకంతా గడిపాడు. ఈసారి ఆయన కూడా మాతో వచ్చాడు.

ఈ రోడ్డు పక్కనే ఉన్న ముట్టుకాడు బోట్ హౌస్ గురించి ఎక్కువ చెప్పక్కర్లేదు. తమిళనాడు టూరిజం కార్పొరేషన్ 1984 నుంచి నడుపుతోంది. తెడ్డు బోట్లు, పెడల్ బోట్లు, మోటారు బోట్లు ఉంటాయి. లైఫ్ జాకెట్ వేసుకోకుండా ఎక్కనివ్వరు. పైకప్పు మూసిన క్యాబిన్లు లేని చిన్న రైడ్లు కాబట్టి జనరేటర్ గొడవే లేదు. చిన్నపిల్లలతో వెళ్లేవాళ్లకు నా ఓటు దీనికే. శని, ఆదివారాల్లో మాత్రం క్యూ ఉంటుంది, మధ్యాహ్నం ఎండకు నీడ చాలదు. పక్కనే ఉన్న దక్షిణచిత్ర కూడా చూడండి. అక్కడ మన కోస్తా చుట్టిల్లు ఒకటి నిలబెట్టారు, మా పిన్ని దాని అరుగు మీద కూర్చుని లేవనంది.

పెద్దవాళ్లకు కాస్త తీరిగ్గా, రెండు మూడు గంటలు నీళ్ల మీద ఉండాలని కోరిక. అలాంటి వాటికి బ్యాక్‌వాటర్ ఒడ్డున ప్రైవేటు బోట్లు దొరుకుతాయి. మేం ముందు మాట్లాడుకున్న బోటు పేరు ఇక్కడ రాయను. ఫొటోల్లో బాగుంది. క్యాబిన్, ఏసీ, రంగు లైట్లు, పాటలు. పొడవు 28 అడుగులు ఉంటుందేమో. ఎక్కబోతుంటే వెనక డెక్ మీద టార్పాలిన్ కింద ఏదో గడగడమంటోంది. మామ టార్పాలిన్ ఎత్తి చూశాడు. పెళ్లిళ్లలో, షాపుల ముందు కనిపించే మామూలు పెట్రోల్ జనరేటర్. సైలెన్సర్ మూతి క్యాబిన్ తలుపు వైపే ఉంది. పక్కనే సగం నిండిన పెట్రోల్ క్యాను. వైరు కిటికీ సందులోంచి లోపలికి పోయి ఒక ఎక్స్‌టెన్షన్ బాక్సులో తేలింది.

"ఏం అబ్బాయ్, దీని పొగ ఎటు పోతుంది?" అని అడిగాడు మామ. సరంగు కావలి వైపు కుర్రాడు. "గాలికి పోతుంది పెద్దాయనా. రోజూ నడిపేదే, ఇంతవరకు ఏం కాలా" అన్నాడు. ఆ కుర్రాడి మీద నాకు కోపం లేదు. అతనికి ఎవరూ చెప్పలేదు. చెప్పాల్సింది ఓనరు.

ఈ జనరేటర్ల పొగలో ఉండే కార్బన్ మోనాక్సైడ్‌కు రంగు లేదు, వాసన లేదు. పెట్రోల్ పొగ ఘాటు వేరు, ఈ వాయువు వేరు. ఘాటు తెలియడం లేదంటే అది లేదని కాదు. రక్తంలో ప్రాణవాయువును మోసే హిమోగ్లోబిన్‌కు ఇది ఆక్సిజన్ కంటే 200 రెట్లకు పైగా గట్టిగా అతుక్కుంటుంది. గాలిలో 10 లక్షల పాళ్లకు 400 పాళ్లు చేరితే గంటా రెండు గంటల్లో తలనొప్పి మొదలవుతుంది, 1,600 పాళ్లకు చేరితే గంటలో ప్రాణమే పోవచ్చు. తల తిరగడం, వికారం, వాంతి, నీరసం దీని లక్షణాలు. బోటు మీద అవే లక్షణాలు కనిపిస్తే అందరం ఏమనుకుంటాం? నీళ్లు పడలేదు, కాసేపు లోపల పడుకోమంటాం. పొగ చేరిన క్యాబిన్‌లోకే మనిషిని పంపిస్తాం. నాకు అన్నిటికన్నా భయం వేసేది ఇక్కడే.

జనరేటర్‌ను ఇంటికి కనీసం 20 అడుగుల దూరంలో, బయట పెట్టి నడపమని అమెరికా వినియోగదారుల భద్రతా కమిషన్ ఎప్పటినుంచో చెబుతోంది. 28 అడుగుల బోటులో మనిషి కూర్చునే చోటికి 20 అడుగుల దూరం ఎక్కడి నుంచి తెస్తారు? పైగా బోటు ముందుకు పోతుంటే క్యాబిన్ వెనక గాలి సుడి తిరుగుతుంది, ఆ సుడి వెనక ఉన్న పొగను లోపలికే లాక్కొస్తుంది. అందుకే చేత్తో మోసే మామూలు జనరేటర్‌కు బోటు మీద సరైన చోటంటూ ఏదీ లేదు. మూతి అటు తిప్పుతాం, కిటికీ మూస్తాం అనే సర్దుబాట్లు పనికిరావు. మామ కుర్రాడికి అదే చెప్పాడు, అరవకుండా, ఓపికగా.

ఇది వట్టి భయం కాదు. 2024 డిసెంబర్‌లో కేరళలోని వడకర దగ్గర రోడ్డు పక్కన ఆగి ఉన్న కారవాన్‌లో ఇద్దరు చనిపోయి కనిపించారు. జనరేటర్ నుంచి వచ్చిన కార్బన్ మోనాక్సైడ్ బండి లోపలికి చేరిందని తర్వాత పరీక్షల్లో తేలింది. బోట్ల సంగతికొస్తే, 2000లో అమెరికాలోని లేక్ పావెల్‌లో ఒక హౌస్‌బోటు వెనక ఈత కొడుతున్న ఇద్దరు అన్నదమ్ములు, చిన్నపిల్లలు, చనిపోయారు. వెనక ప్లాట్‌ఫామ్ కింది ఖాళీలోకి జనరేటర్ పొగ వదిలేవారు, వాళ్లు ఆ ఖాళీలోకి ఈదారు. బయట, ఆరుబయట, నీళ్లలో ఉండి కూడా పోయారు. ఆ తర్వాతే అక్కడి హౌస్‌బోట్లకు పొగ గొట్టాన్ని కప్పు పైదాకా నిలువుగా పెట్టడం మొదలైంది.

మేం ఎక్కలేదు. అడ్వాన్సులో సగమే తిరిగిచ్చారు, అది కూడా చాలాసేపు వాదించాక. సర్వీసుకు సున్నా మార్కులు.

రెండో బోటు మామకు తెలిసినవాళ్లది. బయటి దేశం నుంచి తెప్పించిన పాత విహార బోటు. ఇందులోనూ జనరేటర్ పెట్రోల్‌దే, కానీ బోటు కోసమే తయారైంది, డెక్ కింద సొంత పెట్టెలో బోల్టులు వేసి బిగించి ఉంది. ఓనరు మూత తీసి చూపించాడు. మా పిల్లలు కూడా వంగి చూశారు.

పెట్రోల్‌తో ఇంకో ప్రమాదం ఉంది. దాని ఆవిరి గాలి కంటే మూడు నాలుగు రెట్లు బరువు, నీళ్లలా కిందికి దిగి బోటు అడుగున నిలుస్తుంది. గాలిలో 1.4 శాతం ఆవిరి ఉంటే చాలు, ఒక్క నిప్పురవ్వకు పేలుతుంది. ఇంట్లో వాడే జనరేటర్‌లో స్టార్టర్, స్విచ్చి లాంటి చోట్ల చిన్న నిప్పురవ్వలు బయటికే పుడతాయి. బోటు కోసం చేసిన వాటిలో ఆ భాగాలను బయటి ఆవిరి అంటుకోకుండా మూసి ఉంచుతారు, 'ఇగ్నిషన్ ప్రొటెక్టెడ్' అని రాసి ఉంటుంది. మామ ముందు వెతికింది ఆ అక్షరాలనే. తర్వాత బ్లోయర్, అంటే పెట్టెలోని గాలిని బయటికి లాగే ఫ్యాను, చూశాడు. దాని గొట్టం పెట్టె అడుగుదాకా దిగి ఉండాలి, పైన వేలాడుతుంటే కింద నిలిచిన ఆవిరిని లాగలేదు. ఇక్కడ అడుగుదాకా ఉంది.

పొగ సంగతి: బయటి నీళ్లను జాలీలోంచి పంపుతో లాగి, ఇంజిన్‌ను చల్లబరిచి, ఆ నీళ్లనే పొగలో కలిపి సైలెన్సర్ గుండా బోటు పక్కనుంచి బయటికి వదులుతారు. గొట్టం ప్రతి అతుకు దగ్గరా రెండేసి స్టీలు క్లాంపులు. ఆ నీళ్లు వెనక్కి ఇంజిన్‌లోకి రాకుండా ఒక వంపు, దానికో వాల్వు. గొట్టం ఒక్క చోట చిట్లినా పొగ డెక్ కిందే చేరుతుంది కాబట్టి మామ ప్రతి అతుకునూ టార్చి వేసి, మసి మరకలున్నాయేమో చూశాడు. పెట్రోల్ ట్యాంకు గాలిగొట్టం కూడా బయటికే తెరుచుకుంది. ఇప్పుడు బంకుల్లో వచ్చేది 20 శాతం ఇథనాల్ కలిపిన పెట్రోల్, అది పాత రబ్బరు గొట్టాలను మెత్తబరుస్తుంది. ఓనరు ఆ గొట్టాలన్నీ మార్పించానని చెప్పి, వాటి మీద అచ్చయిన గ్రేడు చూపించాడు.

కరెంటు వైపు ఒడ్డు కరెంటుకూ జనరేటర్‌కూ మధ్య చేంజోవర్ స్విచ్చి ఉంది, రెండూ ఒకేసారి కలిసే వీల్లేదు. కరెంటు లీకైతే వెంటనే సరఫరా ఆపేసే 30 మిల్లీ ఆంపియర్ల ఆర్‌సీసీబీ స్విచ్చి ఉంది. తడి కాళ్లతో ఇనుప రెయిలింగ్ పట్టుకునే చోట అది లేకపోతే నేను పిల్లల్ని ఎక్కించను.

నడిపే పద్ధతి ఇంకా నచ్చింది. పెట్రోల్ పోయాలంటే అందర్నీ దింపుతారు, ఇంజిన్లు, వంట స్టవ్వు ఆపేస్తారు, కిటికీలు, మూతలు మూసేస్తారు. క్యానుల్లో నింపాల్సి వస్తే బోటులో నింపరు, నేల మీదికి దింపి నింపుతారు. తర్వాత అన్నీ తెరిచి, బ్లోయర్ కనీసం 4 నిమిషాలు నడిపి, సరంగు స్వయంగా ముక్కు పెట్టి వాసన చూస్తాడు. వాసన వస్తే స్టార్ట్ చేయడు, అంతే. స్టార్టయ్యాక పక్కనుంచి పొగతో పాటు నీళ్లు పడుతున్నాయా అని వంగి చూసి, కాసేపు ఉత్తగా తిరగనిచ్చి, అప్పుడు ఏసీ వేస్తాడు. జనరేటర్ నడుస్తున్నంతసేపూ వెనక ప్లాట్‌ఫామ్ మీద ఎవర్నీ కూర్చోనివ్వలేదు. మా బాబాయి ఫొటో కోసం అటు పోబోతే "బాబాయ్ గారూ, ఆపాక వెళ్దురుగానీ" అని చేయి పట్టి వెనక్కి తెచ్చాడు. ఎంత మర్యాదగా చెప్పాడో. సూర్యాస్తమయం అప్పుడు జనరేటర్ ఆపేసి బ్యాటరీ మీద లైట్లు మాత్రం ఉంచాడు. అద్దె మొదటి బోటు కంటే బాగా ఎక్కువే, బజ్జీలు చల్లారిపోయి వచ్చాయి. అయినా మళ్లీ వెళ్తే దీనికే వెళ్తాను.

క్యాబిన్‌లో పడుకున్నప్పుడు ముక్కు ఉండే ఎత్తులో కార్బన్ మోనాక్సైడ్ అలారం ఉంది. పొగ అలారం, వంట గ్యాసు అలారం ఈ పని చేయవు. ఇంకో మాట గట్టిగా చెప్పాలి. కోవిడ్ తర్వాత అందరిళ్లలోనూ ఆక్సీమీటర్ ఉంది. దాన్ని నమ్మకండి. ఈ విషవాయువు అతుక్కున్న రక్తాన్ని కూడా అది మంచి రక్తంగానే చదివి 98 చూపిస్తుంది. ఒకే చోట ఉన్న ఇద్దరు ముగ్గురికి ఒకేసారి తలనొప్పి, వికారం వస్తే జనరేటర్ ఆపి, అందర్నీ బయటి గాలిలోకి తెచ్చి, ఒడ్డుకు చేరి 108కి ఫోన్ చేయండి. జనరేటర్ పొగ పీల్చారని డాక్టరుకు మీరే చెప్పండి, ఆక్సిజన్ వెంటనే పెడతారు.

రాత్రి బసకు రెండు చోట్లు చూశాం. మొదటిది సముద్రం కనిపించే హోమ్‌స్టే, గదులు చక్కగా ఉన్నాయి, ఆతిథ్యం కూడా బాగుంది. కరెంటు పోతే మెట్ల కింద పెట్రోల్ జనరేటర్ నడుపుతారట. ఆ మెట్లకు ఎదురుగానే మాకిచ్చే గది. 2020 జనవరిలో నేపాల్‌లోని దామన్‌లో కిటికీలు మూసుకుని గ్యాస్ హీటర్ పెట్టుకున్న 8 మంది కేరళ పర్యాటకులు ఒకే గదిలో ఇదే విషవాయువుకు పోయిన సంగతి నాకు ఇంకా మరపురాలేదు. జనరేటర్ వద్దు, ఇన్వర్టర్ చాలు అంటే ఫ్యాన్లకూ సరిపోదన్నారు. దండం పెట్టి వచ్చేశాం. రెండోది లోపలివైపు రిసార్ట్. సముద్రం కనిపించదు, ఇడ్లీ గట్టిగా ఉంది, చెక్‌ఇన్‌కు చాలాసేపు పట్టింది. డీజిల్ జనరేటర్‌ను గేటు పక్కన, గదులకు దూరంగా, ఎత్తు గొట్టంతో పెట్టారు. మేం అందులోనే ఉన్నాం. అర్ధరాత్రి కరెంటు పోయింది, ఎవరికీ టెన్షన్ లేదు.

పులికాట్‌కు పొన్నేరి మీదుగా వెళ్లాం. చిలికా తర్వాత దేశంలో పెద్ద ఉప్పునీటి సరస్సు ఇదే, ఎక్కువ భాగం మన ఆంధ్రలోనే ఉంది. డచ్చివాళ్ల సమాధులు, దూరంగా ఫ్లెమింగోలు, ఒడ్డున తెలుగులో పలకరించే జాలర్లు. 2011 క్రిస్మస్ రోజు ఇక్కడ బోటు తిరగబడి 20 మందికి పైగా చనిపోయారు, ఆ తర్వాత పర్యాటకుల బోటింగ్‌ను నిషేధించారు. ఎవరైనా తీసుకెళ్తామన్నా ఎక్కకండి. ఒడ్డు నుంచే బాగుంటుంది. బస సంగతి మేం చూడలేదు, పొద్దున వెళ్లి సాయంత్రానికి చెన్నై చేరాం.

తిరుగు దారిలో చెన్నైలో ఎలక్ట్రానిక్స్ షాపులుండే రిచీ స్ట్రీట్‌లో ఆగి కార్బన్ మోనాక్సైడ్ అలారాలు కొన్నాం. మొదటి షాపులో వంట గ్యాసు అలారాన్నే ఇదేనంటూ అంటగట్టబోయారు. డబ్బా మీద కార్బన్ మోనాక్సైడ్ అని ఉందా, వెనక సెన్సర్ ఎన్నేళ్లు పనిచేస్తుందో తేదీ వేసి ఉందా అని చూసుకుని తీసుకోండి, ఆ సెన్సర్లకు కాలపరిమితి ఉంటుంది. పిన్నివాళ్లకూ ఒకటి కొన్నాం. తుఫాను రోజుల కోసం నెల్లూరు ఇంట్లో వాళ్ల జనరేటర్ కూడా మెట్ల కిందే ఉంది. బాబాయి కారులోంచే ఎలక్ట్రీషియన్‌కు ఫోన్ చేసి, దాన్ని పెరట్లో ప్రహరీ పక్కకు మార్చి, చేంజోవర్ స్విచ్చి పెట్టమని చెప్పాడు.