అమెరికా సీపీఎల్‌ను మన సీపీఎల్‌గా మార్చుకోవడం: డీజీసీఏ కన్వర్షన్ సర్వీస్‌పై రివ్యూ

ఫ్లోరిడాలోనో టెక్సస్‌లోనో ట్రైనింగ్ ముగించి ఎఫ్‌ఏఏ (అమెరికా విమానయాన నియంత్రణ సంస్థ) కమర్షియల్ సర్టిఫికెట్‌తో వచ్చినవాళ్లు ఇక్కడి ఎయిర్‌లైన్స్‌కు దరఖాస్తు చేయాలంటే మన విమానయాన నియంత్రణ సంస్థ డీజీసీఏ ఇచ్చే సీపీఎల్ (కమర్షియల్ పైలట్ లైసెన్సు) ఉండాల్సిందే. ఈ రివ్యూ ఆ కన్వర్షన్ గురించి, దాని చుట్టూ అమ్ముతున్న కన్సల్టెన్సీ ప్యాకేజీల గురించి. సర్వీస్ వరకు చూస్తే మార్కులు బాగానే వేయాలి. దరఖాస్తు మొత్తం డీజీసీఏ ఆన్‌లైన్ సేవల వేదిక ఈజీసీఏ పోర్టల్‌లోనే, పరీక్షలకు ‘పరీక్ష’ అనే పోర్టల్ వేరే ఉంది, 2025 ఫిబ్రవరి నుంచి లైసెన్సు కూడా ఎలక్ట్రానిక్ రూపంలో ఫోన్‌లోకే వస్తోంది. ఏమేం కావాలో నిబంధనల్లో అంకెలతో సహా ఉంది. అయినా ఫైళ్లు ఆగుతున్నాయంటే, చాలావరకు కారణం అమెరికాలో రాసుకున్న లాగ్‌బుక్, అంటే ఎగిరిన గంటల చిట్టా.

డీజీసీఏ అడిగేవి ఇవి: మొత్తం 200 గంటలు, అందులో విమానానికి బాధ్యత వహించే పైలట్ ఇన్ కమాండ్‌గా, అంటే పీఐసీగా, 100. ఆ వందలో 15 గంటలు దరఖాస్తు తేదీకి ముందు 6 నెలల్లోపు ఎగిరినవై ఉండాలి. పీఐసీగా క్రాస్‌కంట్రీ (ఒక ఎయిర్‌ఫీల్డ్ నుంచి మరోదానికి చేసే ప్రయాణం) 20 గంటలు, ఇన్‌స్ట్రుమెంట్ (పరికరాలనే చూసి నడపడం) 10 గంటలు (సిమ్యులేటర్ 5 దాటకూడదు), రాత్రి 5 గంటలు, ఆ రాత్రి వేళలోనే పీఐసీగా 10 టేకాఫ్‌లు, 10 ల్యాండింగ్‌లు. చూడగానే సులువే అనిపిస్తుంది, ఎందుకంటే ఎఫ్‌ఏఏ నిబంధనల్లోని పార్ట్ 61 కింద కమర్షియల్‌కు 250 గంటలు ఎలాగూ కావాలి. ఎఫ్‌ఏఏ ఆమోదించిన సిలబస్‌తో నడిచే పార్ట్ 141 స్కూళ్లలో మాత్రం 190 గంటలకే చెక్‌రైడ్‌కు (ఫ్లయింగ్ పరీక్షకు) వెళ్లవచ్చు. అలా వచ్చినవాళ్లకు మొదటి అంకె దగ్గరే లోటు పడుతుంది.

అసలు చిక్కు పీఐసీ కాలమ్‌లో ఉంది. అమెరికా నిబంధన ప్రకారం ప్రైవేట్ పైలట్ అయ్యాక, పక్కన ఇన్‌స్ట్రక్టర్ కూర్చుని నేర్పుతున్నా, కంట్రోల్స్ మీ చేతిలో ఉంటే ఆ సమయాన్ని డ్యూయల్‌గానూ (ఇన్‌స్ట్రక్టర్‌తో శిక్షణ) పీఐసీగానూ రెండు కాలమ్‌లలో రాసుకోవచ్చు. స్నేహితుడు బయటికి కనపడకుండా చేసే హుడ్ పెట్టుకుని నడుపుతుంటే మీరు బయట గమనించే సేఫ్టీ పైలట్‌గా కూర్చున్నా, షరతులకు లోబడి, ఇద్దరూ పీఐసీ రాసుకునే వీలుంది. టైమ్ బిల్డింగ్ (గంటలు పోగేసుకోవడం) చవకగా దొరికేది ఇందుకే. ఇక్కడ అవి చెల్లవు. ఉదాహరణకు లాగ్‌బుక్‌లో పీఐసీ 170 అని ఉందనుకోండి. అందులో ఇన్‌స్ట్రక్టర్‌తో ఎగిరినవి 45, సేఫ్టీ పైలట్‌గా 30 అయితే మిగిలేది 95. అమెరికాలో పూర్తి అర్హత ఉన్న పైలట్, ఇక్కడ 5 గంటలు తక్కువై ఆగిపోతాడు. కాబట్టి అక్కడ ఉండగానే లాగ్‌బుక్‌లో వేరే కాలమ్ గీసుకుని, ఒంటరిగానో, ఇన్‌స్ట్రక్టర్ లేకుండా మీరే కమాండర్‌గానో ఎగిరిన గంటల్నే అందులో కూడండి. ఆ కాలమ్ 110 దాటేదాకా తిరుగు టికెట్ బుక్ చేయకండి.

రెండో ఉచ్చు 300 నాటికల్ మైళ్ల క్రాస్‌కంట్రీ. ఎఫ్‌ఏఏకూ 300 మైళ్ల ప్రయాణం కావాలి, బయల్దేరిన చోటి నుంచి ఒక ల్యాండింగ్ కనీసం 250 మైళ్ల దూరాన ఉండాలి. డీజీసీఏ మాత్రం రెండు వేర్వేరు ఎయిర్‌ఫీల్డ్‌లలో ఫుల్‌స్టాప్ ల్యాండింగ్ అడుగుతుంది. టచ్ అండ్ గో (నేలను తాకి ఆగకుండా మళ్లీ ఎగరడం) చేసి వచ్చేస్తే ఎఫ్‌ఏఏకు సరిపోతుంది, ఇక్కడ సరిపోదు. విమానం దిగాలి, ఆగాలి, రిమార్క్స్‌లో ‘ఫుల్ స్టాప్’ అని, రెండు ఎయిర్‌పోర్టుల కోడ్‌లతో సహా రాసి ఉండాలి. రాత్రి ల్యాండింగులదీ ఇదే కథ. కమర్షియల్ కోసం ఇన్‌స్ట్రక్టర్‌ను పక్కన పెట్టుకుని చేసిన పదీ అక్కడ చెల్లుతాయి. మీరు మాత్రం ఇంకో పది పీఐసీగా చేసి రండి.

చిన్నదిగా కనిపించి పెద్ద తలనొప్పి తెచ్చేది దశాంశాల లెక్క. అమెరికన్ లాగ్‌బుక్‌లో 1.3 అంటే గంటా 18 నిమిషాలు, ఎందుకంటే 0.1 అంటే 6 నిమిషాలు. ఈజీసీఏ ఈ-లాగ్‌బుక్‌లో గంటలు, నిమిషాలుగా ఎక్కించాలి. హడావుడిలో 1.3ను 1:30 అని ఎక్కిస్తే ప్రతి ఎంట్రీలోనూ తేడా పేరుకుపోతుంది, చివరికి మొత్తాలు స్కూలు ఇచ్చిన సర్టిఫికెట్‌తో కలవవు. ఎక్కించే ముందే స్ప్రెడ్‌షీట్‌లో మార్చి, పేజీల వారీగా మొత్తాలు సరిచూసుకోండి.

పరీక్షల సంగతి. చెల్లుబాటులో ఉన్న విదేశీ సీపీఎల్ ఉన్నవాళ్లకు నావిగేషన్, మెటియరాలజీ కలిపి ఒక కంపోజిట్ పేపర్, దానికి తోడు ఎయిర్ రెగ్యులేషన్స్. రెండింటికీ పాస్ మార్కు 70 శాతం. కంపోజిట్ తేలిక దారిలా కనిపించినా, అది రాయాలంటే ముందు విదేశీ లైసెన్సు చేతికి రావాలి. రెగ్యులర్ సెషన్లు ఏడాదికి నాలుగే. ఒక్కసారి తప్పితే ఆ 15 గంటల 6 నెలల గడువు కరిగిపోతుంది. మా సలహా: అమెరికా వెళ్లకముందే డీజీసీఏ పరీక్షలు రాయడానికి కావలసిన కంప్యూటర్ నంబర్ తీసుకుని నావిగేషన్, మెటియరాలజీ, రెగ్యులేషన్స్ విడివిడిగా పాసైపోండి. తిరిగొచ్చాక చేతిలో ఉన్న నెలలన్నీ స్కిల్ టెస్టులకూ ఆర్‌టీఆర్‌కూ (విమాన రేడియో వాడేందుకు కావలసిన లైసెన్సు పరీక్ష) మిగులుతాయి. ఆర్‌టీఆర్‌ను తక్కువ అంచనా వేయొద్దు. అమెరికాలో వినిపించే రేడియో మాటల తీరు వేరు, ఇక్కడ పరీక్షకుడు ఆశించే ఐకావో (అంతర్జాతీయ పౌర విమానయాన సంస్థ) పదజాలం వేరు. దీన్ని ఇన్నాళ్లూ టెలికాం శాఖ నిర్వహించేది. 2024 నాటి భారతీయ వాయుయాన్ అధినియం అనే చట్టం ఆ బాధ్యతను డీజీసీఏకు ఇచ్చింది.

మెడికల్ విషయంలో ఎఫ్‌ఏఏ ఫస్ట్ క్లాస్ సర్టిఫికెట్ ఇక్కడ పనికిరాదు. డీజీసీఏ క్లాస్ 2, తర్వాత క్లాస్ 1, రెండూ ఫ్లయింగ్ స్కూలుకు డబ్బు కట్టకముందే చేయించుకోండి. కలర్ విజన్ దగ్గరో గుండె పరీక్ష దగ్గరో ఇబ్బంది వస్తే అది లక్షలు ఖర్చయ్యాక తెలియకూడదు.

స్కిల్ టెస్టుల్లో పగలు, రాత్రి జనరల్ ఫ్లయింగ్ టెస్ట్, పగటి క్రాస్‌కంట్రీ 250 మైళ్లు, రాత్రిది 120 మైళ్లు ఉంటాయి. 6 నెలల గడువు దాటితే ఇక్కడి స్కూల్లో స్లాట్ కోసం ఎదురుచూడాలి. మల్టీ ఇంజిన్ విమానాలు తక్కువ కాబట్టి ఆ నిరీక్షణ ఇంకా ఎక్కువ.

తెలుగువాళ్లకు ప్రత్యేకంగా వచ్చే సమస్య పేరు. ఇంటర్ మెమోలో ఇంటిపేరు ఒక్క అక్షరమే, పాస్‌పోర్టులో పూర్తిగా, ఎఫ్‌ఏఏ కార్డులో ముందూ వెనకా తారుమారుగా. మూడూ ఒకేలా లేకపోతే ప్రశ్న తప్పదు. కాబట్టి అమెరికా దరఖాస్తు నింపేనాటికే పాస్‌పోర్టు, మెమో ఒకటి చేసుకోండి. ఇంటర్ బోర్డు వెరిఫికేషన్ కూడా కంప్యూటర్ నంబర్ దశలోనే కావాలి. ఇంటర్‌లో మ్యాథ్స్, ఫిజిక్స్ ఉండాలి కాబట్టి బైపీసీ వాళ్లు మ్యాథ్స్‌ను ఓపెన్ స్కూల్ ద్వారా పూర్తిచేయాలి.

ఇక ‘గ్యారంటీ కన్వర్షన్’ ప్యాకేజీలు. లైసెన్సు ఇచ్చేది డీజీసీఏ, కన్సల్టెన్సీ కాదు. గ్యారంటీ అన్న మాటకు అక్కడే విలువ పోయింది. ఆర్‌టీఆర్ కోచింగ్‌కు, కొరత పడిన గంటలు ఎగరడానికి డబ్బు పెట్టండి, అది సరైన ఖర్చు. ఫారం నింపడానికి, స్కాన్లు ఎక్కించడానికి వేలు, లక్షలు ఇవ్వనక్కర్లేదు. ఓపిగ్గా కూర్చుంటే మీరే చేయగల పని అది. సర్వీస్‌లో మాకు నిజంగా లోటనిపించేది ఒక్కటే: విదేశం నుంచి బయల్దేరకముందే లాగ్‌బుక్‌ను చూసి ‘ఇంత తక్కువ’ అని చెప్పే ముందస్తు పరిశీలన. అది ఉంటే ఎన్నో కుటుంబాలకు రెండోసారి విమాన అద్దె కట్టే బాధ తప్పుతుంది.

తిరిగొచ్చేటప్పుడు ఎఫ్‌ఏఏ ఇచ్చే 120 రోజుల తాత్కాలిక కాగితంతో సరిపెట్టుకోకుండా ప్లాస్టిక్ కార్డు వచ్చేలా చూసుకోండి. లాగ్‌బుక్ ప్రతి పేజీపై స్కూలు సంతకం, వీసా, రాకపోకల స్టాంపుల కాపీలు దగ్గర పెట్టుకోండి. లైసెన్సు నిజమైనదేనని ఎఫ్‌ఏఏ నుంచి నేరుగా వెరిఫికేషన్ వెళ్లేలా అక్కడి నుంచే అభ్యర్థన పెట్టండి. అమెరికాలో చిరునామా లేనివాళ్లు 2025 జులై 7 నుంచి అక్కడ ఒక యూఎస్ ఏజెంట్‌ను (మీ తరఫున ఎఫ్‌ఏఏ పత్రాలు అందుకునేవారు) నమోదు చేయాలి, లేకపోతే ఆ సర్టిఫికెట్‌ను వాడే హక్కు ఉండదు.