గ్లిమిపిరైడ్–మెట్‌ఫార్మిన్ గోళి: ఏళ్ల తరబడి వాడాక నేను చెప్పేది

ఈ రెండు మందులు కలిసిన గోళిని చాలా ఏళ్లు వాడాను. హన్మకొండలో మా వాడకట్టులో షుగర్ ఉన్న చాలా ఇళ్లల్లో ఇదే కనబడుతుంది. "మెదడును పాడు చేస్తదట గదా" అని అడుగుతుంటారు. ఆ రెండు మందుల్ని విడివిడిగా చూస్తే తప్ప దీనికి జవాబు దొరకదు.

షుగర్ తగ్గించడంలో దీనికి వంక పెట్టలేను. తొమ్మిది దాటిన నా హెచ్‌బీఏ1సీ (మూడు నెలల సగటు షుగర్ చెప్పే పరీక్ష) ఏడు దగ్గరికి వచ్చింది. ధర కూడా భారం కాదు. మొదట్లో మెట్‌ఫార్మిన్‌తో విరేచనాలు అయ్యాయి. అన్నం తిన్నాక వేసుకునే, మెల్లగా కరిగే ఎస్‌ఆర్ రకానికి మార్చాక సర్దుకుంది.

భయపడాల్సింది గ్లిమిపిరైడ్ గురించి. అది క్లోమం నుంచి ఇన్సులిన్ విడుదల చేయిస్తుంది. మనం తిన్నామా, పస్తున్నామా అన్నది దానికి పట్టదు. ఒంటి బరువులో మెదడు రెండు శాతమే, కానీ ఒళ్లు ఖర్చు పెట్టే శక్తిలో దాదాపు 20 శాతం దానికే కావాలి. ఆ శక్తి ముఖ్యంగా గ్లూకోజ్ నుంచే వస్తుంది, మెదడులో నిల్వ లేనట్టే. రక్తంలో షుగర్ 70 కంటే తగ్గితే లో షుగర్, 54 కంటే తగ్గితే ప్రమాదం. మరీ తక్కువలో గంటల తరబడి ఉండిపోతే మెదడు కణాలు చచ్చిపోతాయి, కొందరు మళ్లీ మామూలు మనుషులు కాలేరు.

నాకు అది శివరాత్రి ఒక్కపొద్దు నాడు జరిగింది. గోళి ఒక్కపూట కూడా ఆపొద్దని చీటీ రాసిన చోట గట్టిగా చెప్పారు. ఒక్కపొద్దు నాడు ఏం చేయాలో చెప్పలేదు. వేయిస్తంభాల గుడి క్యూలో చెమటలు పట్టాయి, చేతులు వణికాయి. ఆ తర్వాతిది మా కోడలు చెబితేనే తెలిసింది. పొంతన లేకుండా మాట్లాడానట, నాలుక మందమైందట. పక్షవాతం వచ్చిందని చుట్టుపక్కలవాళ్లు అన్నారట. షుగర్ చూస్తే 46. మింగగలుగుతున్నాను కాబట్టి చక్కెర నీళ్లు తాగించి దవాఖానకు తీసుకుపోయింది. స్పృహ లేకపోతే నోట్లో ఏమీ పోయకూడదు, సెలైన్‌లో గ్లూకోజ్ ఎక్కించాల్సిందే. ఈ మందు ప్రభావం ఒక రోజు దాకా ఉంటుంది, లేచి కూర్చున్నాక కూడా షుగర్ మళ్లీ పడిపోవచ్చు. అందుకే ఆ రాత్రి అక్కడే ఉంచారు.

అమెరికాలో 16,000 మందికి పైగా టైప్ 2 షుగర్ ఉన్న పెద్దవాళ్లను గమనించి 2009లో ఒక పరిశోధన వెలువడింది. దవాఖానకు పోవాల్సినంత లో షుగర్ వచ్చినవాళ్లలో తర్వాత డిమెన్షియా (మతి తగ్గిపోయే జబ్బు) ఎక్కువగా కనబడింది. అయితే మతి తగ్గుతున్న మనిషి తిండీ గోళీ సరిగ్గా చూసుకోలేక కూడా లో షుగర్ రావచ్చు కదా. ఏది ముందో అంత సులభంగా తేలదు. చిత్రమేమంటే, గ్లిమిపిరైడ్ కుటుంబంలోదే అయిన గ్లిబెన్‌క్లమైడ్ అనే మందును పెద్ద స్ట్రోక్ తర్వాత మెదడు వాపు తగ్గించడానికి సెలైన్‌లో ఎక్కించి చూశారు. 2024లో వచ్చిన ఫలితాల్లో రోగులు కోలుకోవడంలో మేలు కనబడలేదు.

మెట్‌ఫార్మిన్ ఒక్కటే వాడితే లో షుగర్ అరుదు. పాపం, దాని మీద లేనిపోని నింద పడుతోంది. కానీ ఏళ్ల తరబడి వాడితే ఒంట్లో విటమిన్ బీ12 తగ్గొచ్చు. కాళ్ల తిమ్మిర్లు, మతిమరుపు వస్తే వయసు మీద తోసేస్తాం. నా అరికాళ్ల మంటకు కారణం అదే అని పరీక్షలో తేలింది. ఇంజెక్షన్లతో చాలా తగ్గింది. ఇప్పుడు ఏటా బీ12, కిడ్నీ పరీక్షలు చేయించుకుంటున్నాను.

డాక్టర్ సారు గ్లిమిపిరైడ్ తీసేసి, మెట్‌ఫార్మిన్‌కు సిటాగ్లిప్టిన్ జోడించారు. 2022లో పేటెంట్ ముగిశాక అదీ చవకైంది. లో షుగర్ మళ్లీ రాలేదు. అందరికీ ఇదే మార్పు సరిపోతుందని నేననను. సొంతంగా గోళి ఆపేస్తే పెరిగిన షుగర్ కూడా మెదడు రక్తనాళాల్ని దెబ్బతీస్తుంది.

పరకాలలో మా పెద్దమామ డెబ్బై దాటినా గ్లిబెన్‌క్లమైడే వేసుకుంటున్నాడు. పెద్ద వయసువాళ్లకు దానితో లో షుగర్ ముప్పు ఇంకా ఎక్కువ. గోళీల పట్టీ పట్టుకొని ఈ వారమే డాక్టర్‌కు చూపించమని ఆయన కొడుక్కు చెప్పాను.