చీకటి పడ్డాక నోక్టన్ 40: రొట్టెల పండుగలో పనితనం

నెల్లూరు స్వర్ణాల చెరువులో మోకాలి లోతు నీళ్లలో నిలబడి, ఉద్యోగ రొట్టో పెళ్లి రొట్టో అందుకుంటున్న మనిషి ముఖాన ఫ్లాష్ కొట్టడం మర్యాద కాదు. ఉన్న వెలుతురుతోనే తీయాలన్న నా పట్టుదలే ఈ ఎఫ్/1.4 లెన్సు కొనిపించింది. ఎఫ్ పక్కన అంకె ఎంత చిన్నదైతే ఎపర్చరు, అంటే వెలుతురు వచ్చే రంధ్రం, అంత పెద్దది.

ఇది ఫోక్ట్‌లెండర్ నోక్టన్ క్లాసిక్ 40 మి.మీ., గాజు మీద ఒంటి పూత ఉన్న రకం. జపాన్‌లో కొసీనా తయారీ. బరువు 175 గ్రాములే. నేను బెస్సా ఆర్3ఎ అనే ఫిల్ము కెమెరా మీద వాడతాను. లైకా ఎం కెమెరాల్లో 40 మి.మీ. లెన్సుకు ఫొటో హద్దులు చూపే గీతలు ఉండవు, ఈ లెన్సు బిగిస్తే 50వి కనిపిస్తాయి. బెస్సాలో 40 గీతలున్నాయి, పైగా దృశ్యం అసలు పరిమాణంలోనే కనిపిస్తుంది కనుక రెండు కళ్లూ తెరిచి తీయవచ్చు. కళ్లద్దాలున్న నాలాంటివారికి మాత్రం గీతల అంచులన్నీ ఒకేసారి అందవు. తల అటూ ఇటూ జరుపుకోవాలి.

అసలు పరీక్ష రొట్టె చేతులు మారే క్షణంలో. చాచిన చేతికీ ముఖానికీ మధ్య మూరెడు దూరం. మీటరు దూరంలో ఎఫ్/1.4లో స్పష్టంగా నిలిచేది సుమారు ఐదు సెంటీమీటర్లే. రొట్టె కావాలా, కళ్లు కావాలా తేల్చుకోవాలి. నేను రొట్టెనే ఎంచుకుంటాను. అడిగినవారి ఆశ అంతా దాని మీదే కదా! ముఖం కాస్త కరిగినా భావం తెలుస్తుంది.

ముఖం మరికొంత తేలాలని ఎఫ్/2.8కి మూస్తే ఇంకో చిక్కు. ఈ లెన్సులో ఎపర్చరు మూసేకొద్దీ ఫోకస్ కొంచెం వెనక్కి జరుగుతుంది. రేంజ్‌ఫైండర్‌లో, అంటే ఫోకస్ సరిచూసుకునే కిటికీలో, రెండు బొమ్మలూ చక్కగా కలిసినా, ఫిల్ము మీద రొట్టె అంచు మెత్తబడుతుంది. బొమ్మలు కలిశాక ఒక పిసరు వెనక్కి వాలితే సరిపోతుంది. అలవాటు పడాలి, అంతే.

వెలుతురు చాలదు కనుక ఐఎస్ఓ 400 ఫిల్మును 1600 అనుకుని వెలుతురు కొలిచి, డెవలపింగ్ సమయం పెంచుతాను. పూర్తిగా తెరిస్తే మూలల్లోని బల్బులు రెక్కలు విప్పుతాయి, ఎదురు దీపాలు వెలుగు మరకలు వేస్తాయి. నలుపు తెలుపులో నాకు ఇష్టమే. రంగుల్లో తీసేవారు బహుళ పూత రకం తీసుకోవడం మేలు. ఎదురు వెలుగును అడ్డుకునే హుడ్డు విడిగా కొనాలి, అది మాత్రం కంపెనీ పిసినారితనం.

పగటిపూట మైపాడు బీచికి దీన్ని తీసుకెళ్లి ఎఫ్/1.4 అందాలు ఆశించకండి. 400 ఫిల్ముతో, బెస్సా అత్యధిక షట్టర్ వేగం 1/2000 సెకను దగ్గర కూడా ఎఫ్/8 వరకు మూయాల్సిందే. అప్పుడు ఏ మామూలు లెన్సయినా ఒకటే.

పాతది కొనేవారు ఎపర్చరు పూర్తిగా తెరిచి, వెనకనుంచి టార్చి వేసి చూడండి. సముద్రపు తేమలో పెరిగిన లెన్సుకు లోపల బూజు సన్నని దారాల్లా పాకి ఉంటుంది. కనిపిస్తే ధర ఎంత తగ్గించినా వద్దనండి.