నెలలో సగం రోజులు తలనొప్పి: నడక మేలా, మనసుకు సాధన మేలా?

"నాలుగు మెట్లెక్కితేనే తల పగిలిపోతుంటే నన్ను నడవమంటారేంటండీ?" పార్శ్వపు నొప్పి (మైగ్రేన్) ఉన్నవాళ్లకు వాకింగ్ సలహా ఇస్తే ముందుగా వచ్చే మాట ఇది. ఇది వంక కాదు. నడిచినా మెట్లెక్కినా నొప్పి పెరగడం మైగ్రేన్‌ను గుర్తించే లక్షణాల్లో ఒకటి. టెన్షన్ తలనొప్పి అలా కాదు. తలకు గుడ్డ బిగించి కట్టినట్టు రెండు వైపులా నొక్కేస్తుంది గానీ, మామూలు నడకకు పెరగదు. ఏది మేలో తేల్చేముందు మనది ఏ నొప్పో తెలియాలి.

నెలకు 15 రోజులు, అంతకు మించి, మూడు నెలలకు పైగా వస్తుంటే డాక్టర్లు దాన్ని దీర్ఘకాలిక తలనొప్పి అంటారు.

స్వీడన్‌లో మైగ్రేన్ ఉన్న 91 మందిని మూడు జట్లు చేసి చూశారు. ఫలితాలు 2011లో వచ్చాయి. ఒక జట్టు వారానికి మూడుసార్లు 40 నిమిషాలు వ్యాయామం చేసింది, ఇంకో జట్టు రిలాక్సేషన్ (ఒంటినీ మనసునూ వదులు చేసే) సాధన చేసింది, మూడో జట్టు మైగ్రేన్ రాకుండా ఇచ్చే టోపిరమేట్ మాత్రలు వేసుకుంది. నొప్పి తగ్గడంలో మూడింటికీ చెప్పుకోదగ్గ తేడా లేదు. మాత్రల జట్టులో మాత్రం మూడో వంతు మందికి దుష్ప్రభావాలు వచ్చాయి. అయితే ఆ 91 మందీ నెలలో సగం రోజులు బాధపడేవాళ్లు కాదు, నెలకు కొన్నిసార్లే నొప్పి వచ్చేవాళ్లు.

దీర్ఘకాలిక టెన్షన్ తలనొప్పి మీద అమెరికాలో చేసిన అధ్యయనం (2001, 203 మంది) ఇంకా ఆసక్తిగా ఉంటుంది. నొప్పి సగానికి సగం తగ్గినవాళ్లు మందుతో 38 శాతం, ఒత్తిడిని తట్టుకునే శిక్షణతో 35 శాతం. రెండూ కలిపితే 64. ఆ మందు డిప్రెషన్‌కి వాడే రకం. చీటీ మీద ఆ పేరు చూసి "నాకేమైనా పిచ్చా?" అని మానేసేవాళ్లున్నారు. తక్కువ మోతాదులో అది నొప్పికే ఇస్తారు.

నా లెక్క ఇది: టెన్షన్ తలనొప్పి అయితే ముందు నడక మొదలుపెట్టొచ్చు. ఖర్చు లేదు, నిద్ర కూడా బాగా పడుతుంది. మైగ్రేన్ ఉండి, దాంతోపాటు కదలాలంటే భయం కూడా పట్టుకుంటే, ముందు ఆ భయం సంగతి చూడాలి. "పోయిన ఆదివారం పార్కుకెళ్లిన రోజే వచ్చింది" అని షూస్ మూలన పడేస్తారు. ఆ రోజు టిఫిన్ మానేశారని, రాత్రి నిద్ర లేదని, ఎండలో తిరిగారని ఎవరికీ గుర్తుండదు. నింద నడక మీద పడుతుంది. కదలిక తగ్గేకొద్దీ ఒంట్లో సత్తువా తగ్గుతుంది, చిన్న పనికే ఆయాసం వస్తుంది, భయం ఇంకా గట్టిపడుతుంది.

ఇలాంటివాళ్లకు రోజూ పది నిమిషాల రిలాక్సేషన్‌తో మొదలుపెట్టడం నయం. భుజాలు చెవుల దాకా ఎత్తి ఐదు సెకన్లు బిగించి ఉంచి ఒక్కసారిగా వదిలేయాలి. తర్వాత పిడికిళ్లు, దవడ. కంప్యూటర్ ముందు కూర్చునేవాళ్లు పళ్లు ఎంత బిగించి ఉంచుతున్నారో అప్పుడే తెలుస్తుంది. రెండు మూడు వారాల తర్వాత, నొప్పి లేని రోజు చూసుకుని, ఏదైనా తిని, నీళ్లు తాగి, మాట్లాడుతూ నడవగలిగే వేగంతో పది నిమిషాలు నడవాలి.

మాత్రలు ఎన్ని వేసుకుంటున్నారో కూడా చూసుకోండి. పారాసెటమాల్ నెలకు 15 రోజులు, రెండు మూడు మందులు కలిపిన బిళ్లలైతే 10 రోజులు దాటి నెలల తరబడి వాడితే, ఆ వాడకమే తలనొప్పి తెస్తుంది. అప్పుడు నడకా సాధనా రెండూ సరిగా పనిచేయనట్టే కనిపిస్తాయి. అలాగని మందులు సొంతంగా ఆపేయొద్దు. ఉన్నట్టుండి పిడుగులా వచ్చిన నొప్పి, జ్వరంతో మెడ పట్టేయడం, చేయి కాలు పట్టు తప్పడం, 50 దాటాక తొలిసారి రావడం, వీటిలో ఏదున్నా ఈ చర్చ పక్కనపెట్టి ముందు డాక్టర్ దగ్గరికి వెళ్లాలి.

ఏది ఎంచుకున్నా గోడ మీది క్యాలెండర్‌లో నొప్పి వచ్చిన రోజుకు ఒక గుర్తు, మాత్ర వేసుకున్న రోజుకు ఇంకో గుర్తు పెట్టండి. రెండు వారాలకే ఇది పనిచేయదని తేల్చేయొద్దు. స్వీడన్‌లో చేయించింది కూడా మూడు నెలలు.