‘సవరించిన కొత్త ఎడిషన్’ వంశావళికి డబ్బు కట్టబోతున్నారా? కాస్త ఆగండి

అమెరికాలో హ్యూగనాట్ (పాతకాలపు ఫ్రెంచ్ ప్రొటెస్టెంట్) మూలాలున్న ఇళ్ళకి కోడళ్ళుగా, అల్లుళ్ళుగా వెళ్ళిన మనవాళ్ళ కోసం ముఖ్యంగా ఇది రాస్తున్నాను. "మీ కుటుంబ వంశావళి, ఈ తరం పిల్లలతో సహా పూర్తిగా సవరించిన కొత్త ఎడిషన్, ముందుగా బుక్ చేసుకుంటే తగ్గింపు" అని మెయిల్ వస్తే, నమూనా పేజీలు చూడకుండా కార్డు నంబరు ఇవ్వకండి. మేం 185 డాలర్లు కట్టాం. అట్ట మీద బంగారు రంగు అక్షరాలు మాత్రం బాగున్నాయి.

మావగారిది న్యూయార్క్ రాష్ట్రంలోని న్యూ పాల్ట్జ్ వంశం. 1677లో గవర్నర్ ఎడ్మండ్ ఆండ్రోస్ నుంచి పట్టా పొంది, మరుసటి ఏడు అక్కడ ఊరు కట్టుకున్న పన్నెండు మందిలో ఒకరు వీళ్ళ మూలపురుషుడు. వాళ్ళు ప్రొటెస్టెంట్లు. సొంత ఊళ్ళు వదిలి కొంతకాలం జర్మనీలోని పాలటినేట్ ప్రాంతంలో తలదాచుకుని, అక్కడి నుంచి సముద్రం దాటారు. ఈ పుస్తకం మొదటి పేజీ ఏమంటుందంటే, ప్రొటెస్టెంట్లకి మత స్వేచ్ఛ ఇచ్చిన నాంట్ శాసనాన్ని 1685లో ఫ్రాన్స్ రాజు పద్నాలుగో లూయీ రద్దు చేయడంతో వీళ్ళంతా ఫ్రాన్స్ నుంచి పారిపోయి వచ్చారట. రద్దుకి ఏడేళ్ళ ముందే ఊరు కట్టేసుకున్నవాళ్ళ సంగతి ఇది!

సరే, ముందుమాట ఎవరో తొందరలో రాశారనుకుందాం. లోపల ముప్పావు వంతు పేజీలు వందేళ్ళ కిందటి పాత పుస్తకానికి స్కాన్ కాపీలు. కాపీరైట్ ఎప్పుడో ముగిసిపోయింది కాబట్టి తిరిగి అచ్చేయడం నేరమేమీ కాదు. కానీ అదే పుస్తకం ఇంటర్నెట్ ఆర్కైవ్‌లో పైసా ఖర్చు లేకుండా దొరుకుతుంది, ఇంతకంటే స్పష్టమైన స్కాన్‌తో. ఆ పాత రచయిత తప్పుగా రాసినవి కూడా ఉన్నవి ఉన్నట్టే ఉన్నాయి. మరి సవరించింది ఏమిటో!

అసలు నష్టం ‘కొత్తగా చేర్చిన’ భాగంలో ఉంది. ఆన్‌లైన్ వంశవృక్షాల్లో ఎవరెవరో పెట్టిన వివరాలు ఏరి, ఒకదానికొకటి అతికించేశారు. ఈ కుటుంబాల్లో తాతల పేర్లే మనవళ్ళకి పెట్టేవారు. ఒకే తరంలో ముగ్గురు అబ్రహాములు, ఇద్దరు ఐజాకులు, అందరూ ఒకే చుట్టుపక్కల. ఎవరు ఎవరి కొడుకో తేల్చాలంటే దగ్గర్లోని కింగ్‌స్టన్ ఊరి డచ్ చర్చి బాప్టిజం రిజిస్టర్‌లో సాక్షులుగా నిలబడ్డవాళ్ళ పేర్లు చూడాలి, వీలునామాలు చూడాలి, భూమి ఎవరి పేరు నుంచి ఎవరి పేరుకి మారిందో చూడాలి. ఇక్కడ ఆ పని జరగలేదు. ఇద్దరు అన్నదమ్ముల పిల్లల్ని ఒకే తల్లి ఖాతాలో వేసేసరికి ఆవిడకి పంతొమ్మిది మంది సంతానం తేలారు. అందులో ఇద్దరికి మధ్య తేడా నాలుగు నెలలు.

ఇంకో చోట ఫిబ్రవరి 1714లో రాసిన వీలునామాలో, అదే ఏడు అక్టోబరులో పుట్టిన కూతురికి ఆస్తి రాశారు. ఇది దెయ్యాల కథ కాదు. 1752 దాకా ఇంగ్లీషు వలసల్లో చట్టప్రకారం కొత్త సంవత్సరం మార్చి 25న మొదలయ్యేది. అందుకే జనవరి నుంచి మార్చి దాకా వచ్చే తేదీలకి రెండేళ్ళూ కలిపి 1714/15 అని రాస్తారు. అంటే ఆ వీలునామా మన లెక్కలో 1715 ఫిబ్రవరిది. వీళ్ళు గీత తర్వాతది కొట్టేసి, లెక్క చూసుకోకుండా అచ్చుకి పంపారు.

ఆధారాల సంగతి ఇంకా బాగుంది. ఒకావిడ పూర్తి పేరుకీ, పుట్టిన తేదీకీ ‘1810 జనాభా లెక్కలు’ అని ఫుట్‌నోట్. 1850కి ముందు అమెరికా జనాభా లెక్కల్లో ఇంటి పెద్ద పేరు ఒక్కటే రాసేవారు. మిగతావాళ్ళు వయసుల గడుల్లో అంకెలు, అంతే. మరో నలుగురికి ‘1890 జనాభా లెక్కలు, అల్‌స్టర్ కౌంటీ’ (న్యూ పాల్ట్జ్ ఉన్న కౌంటీ) అని ఉంది. 1890 కాగితాలు దాదాపు మొత్తం 1921లో వాషింగ్టన్‌లో జరిగిన అగ్నిప్రమాదంతో పోయాయి. మిగిలిన కొద్దిపాటి ముక్కల్లో అల్‌స్టర్ కౌంటీ లేదు. చూడని కాగితాన్ని చూసినట్టు రాయడం ఈ వ్యాపారంలో పాత అలవాటే. 20వ శతాబ్దం మొదట్లో గుస్తావ్ ఆంజూ అనే ఆయన న్యూయార్క్‌లో ఉంటూ, డబ్బున్న కుటుంబాలకి గొప్ప పూర్వీకుల్ని కల్పించి అమ్మాడు. నిజమైన రికార్డుల మధ్యలో దొంగవి దూర్చేవాడు కాబట్టి, ఆ కల్పనలు నేటికీ వంశవృక్షాల్లో తిరుగుతున్నాయి.

ఇవన్నీ చచ్చిపోయినవాళ్ళ తగాదాలు, పోనీ అనుకోవచ్చు. బతికున్నవాళ్ళ పేజీ చూశాక నాకు టెన్షన్ మొదలైంది. మా పిల్లల పూర్తి పేర్లు, పుట్టిన తేదీలు, ఊరు, తల్లి పుట్టింటి పేరు, అన్నీ అచ్చులో! బ్యాంకు వాళ్ళు ఫోన్‌లో అడిగే ప్రశ్నలకి జవాబులన్నీ వరసగా అక్కడే ఉన్నాయి. వివరాల ఫారంలో ‘ప్రచురణకి సమ్మతం’ అన్న గడి ఖాళీగానే వదిలాం, ఆ కాపీ మా దగ్గర ఉంది. పద్ధతి తెలిసినవాళ్ళు బతికున్నవాళ్ళని అడగకుండా అచ్చేయరు. అడిగినా తేదీలు వదిలేస్తారు. నా విషయానికొస్తే, మా ఇంటిపేరునే నా పేరు చేశారు, పుట్టిన ఊరు ‘హైదరాబాద్, సింధ్, పాకిస్తాన్’ అని వేశారు. మా అమ్మ విని నవ్వాపుకోలేకపోయింది. సాఫ్ట్‌వేర్ జాబితాలో మొదట కనిపించిన హైదరాబాద్‌ని నొక్కేసి ఉంటారు.

ఫిర్యాదు చేస్తే, "వంశావళిలో పొరపాట్లు సహజం, ఆధారాలు పంపండి, వచ్చే ఎడిషన్‌లో సవరిస్తాం" అని జవాబు. వచ్చే ఎడిషన్ మళ్ళీ కొనుక్కోవాలి. అంటే మనం కూర్చుని ఊరికే ప్రూఫులు దిద్దిపెట్టాలి, ఆ దిద్దిన పుస్తకాన్ని మనమే డబ్బిచ్చి కొనాలి. మావగారికి ఎనభై దాటాయి. ఇందులో ఉన్నదే నిజమనుకుని కుటుంబ బైబిల్ వెనక పేజీలో తేదీలు దిద్దబోతుంటే మా ఆయన ఆపారు.

కొనేముందు అడగాల్సినవి పెద్దగా ఏం లేవు. మీకు బాగా తెలిసిన ఒక తరం పేజీలు పంపమనండి. ఏది పాత పుస్తకం నుంచి తీసుకున్నది, ఏది తాము కొత్తగా తేల్చింది అన్నది ఎక్కడ చెప్పారో చూపించమనండి. ఫలానా పెళ్ళికి రికార్డు ఏ చర్చిది, ఏ పేజీ అని ఒక్కటి అడిగి చూడండి. పని చేసినవాళ్ళైతే ఉత్సాహంగా చెబుతారు, చేయనివాళ్ళు తగ్గింపు ఇంకా పెంచుతారు. న్యూ పాల్ట్జ్ కుటుంబాలైతే హిస్టారిక్ హ్యూగనాట్ స్ట్రీట్ అనే మ్యూజియం సంస్థ వాళ్ళకి ఆ ఊళ్ళోనే సొంత లైబ్రరీ, ఆర్కైవ్స్ ఉన్నాయి. ముందు అక్కడ అడగడం మేలు.

ఇలాంటి పుస్తకానికి ఇప్పటికే డబ్బు కట్టినవాళ్ళు పుస్తకం వచ్చేదాకా ఎదురుచూడకండి. క్రెడిట్ కార్డుతో కట్టి ఉంటే, ఆ మొత్తం మొదట కనిపించిన స్టేట్‌మెంట్ పంపినప్పటి నుంచి 60 రోజుల్లోపు కార్డు కంపెనీకి రాతపూర్వకంగా అభ్యంతరం చేరాలి. ఫోన్‌లో చెప్పి ఊరుకుంటే చాలదు. మేం వాళ్ళ ప్రకటన, తప్పులున్న పేజీల ఫోటోలు, ఖాళీ గడి ఉన్న ఫారం జతచేసి పంపాం. డబ్బు తాత్కాలికంగా వెనక్కి వేశారు, విచారణ నడుస్తోంది. పిల్లల తేదీలు తీసేయమని అమ్మినవాళ్ళకి విడిగా రాసిన ఉత్తరానికి మాత్రం ఇంకా జవాబు లేదు.